టేపులో వాన

ముందుగా ఒక మాట. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక, మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు అక్కడక్కడా మరిచిపోతాను. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పూట కావాల. నా నిదానానికీ తప్పులకూ మన్నించండి. కథ మాత్రం నా చేతి మాదిరి నిదానంగా పోదు, ఇందులో మనుషులకు ఊపిరి తీసుకునే తీరిక లేదు.

*

"ఆ పాట ఎక్కడ పాడినారు?"

డిటెక్టివ్ నాగరాజప్ప అడిగినాడు. సబ్ జైలు కమ్మీల వెనక నిలబడిన సిద్ధరాజ్ తల దించుకున్నాడు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు.

"చూడప్పా, నేను మీ అమ్మ పిలిస్తే సేలం నుంచి వచ్చినవాణ్ణి. పోలీసును కాను. నాతో చెప్పడానికి భయమెందుకు?"

"ఆ టేపు ఆ శుక్రవారం చేసింది కాదు సార్. అంతకు ముందే చేసింది."

"ఎక్కడ?"

సిద్ధరాజ్ కళ్ళు ఒక్కసారి పక్కకు పోయి వచ్చినాయి. పక్కన వాళ్ళమ్మ సరసమ్మ నిలబడి ఉంది. సన్నటి మనిషి. చేతిలో తెచ్చిన సంగటి క్యారియరు అట్లే ఉంది.

"చెప్పురా," అంది ఆమె. "సారు అడుగుతా ఉంటే మూగోని మాదిరి నిలబడతావేం? ఉరి తాడు అంటే నీకు ఊయల తాడు అనుకున్నావా?"

"గుర్తు లేదమ్మా."

"పాడిన పాట గుర్తుంది, పాడిన చోటు గుర్తు లేదా!"

"టేపులో ఇంకేమన్నా ఉందా?" అన్నాడు నాగరాజప్ప.

"ఏమీ లేదు సార్." ఆ మాట మరీ తొందరగా వచ్చింది. నాగరాజప్ప పట్టాళంలో సిగ్నల్స్ దళంలో పని చేసినవాడు. మనుషులు చెప్పేది కాదు, చెప్పే వేగం వినడం అతనికి అలవాటు. ఈ పిల్లవాడు భయపడుతున్నాడు. కానీ ఉరికి కాదు, పోలీసుకు కాదు. పక్కన నిలబడిన ఆ సన్నటి ఆడమనిషికి భయపడుతున్నాడు. కన్నతల్లిని చూసి ఇంత భయమెందుకో అతనికి అంతు పట్టలేదు. అంతు పట్టనిది ఏదైనా అతని వీపుమీద చల్లగా పాకుతుంది.

కేసు ఇది. ఐదు వారాల కిందట ఒక శుక్రవారం, ఎండాకాలమంతా చుక్క రాలని ధర్మపురిలో, సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా వాన కుమ్మరించింది. ఆదివారం పిక్కిలి దగ్గర పాడుబావిలో శ్రీనివాసన్ శవం తేలింది. తల వెనక దెబ్బ. నీళ్ళలో నానిన శవం కాబట్టి ప్రాణం ఏ వేళకు పోయిందో డాక్టరు చెప్పలేకపోయినాడు.

శ్రీనివాసన్‌ను అందరూ సీనా అంటారు. గిటారు వాయిస్తాడు, పాడుతాడు. సిద్ధరాజ్ డ్రమ్ము. ఇద్దరూ కలిసి 'ది లాంతర్స్' అని రాక్ బ్యాండు పెట్టినారు. మూడోవాడు ఒకడు దొరికితే మద్రాసు పోదామని వాళ్ళ కల. స్టూడియో ఏదీ లేకుండా తమంతట తామే ఒక టేపు చేసుకున్నారు. అది ఏ కంపెనీకీ పోలేదు, ఏ రేడియోలోనూ రాలేదు. ఎవరూ వినని ఆ టేపే ఇప్పుడు సిద్ధరాజ్ మెడకు చుట్టుకుంది.

టేపు మెషీను సీనా పెదనాన్న కొడుకు రంగనాథన్‌ది. వాన పడిన ఆ సాయంత్రం సీనా తన మేడ గదికి వచ్చి ఒక్కడే కూర్చుని పాడినాడనీ, వాన నిలిచినాక సిద్ధరాజ్ వచ్చి అతన్ని పిలుచుకుపోయినాడనీ రంగనాథన్ పోలీసులకు చెప్పినాడు. నమ్మకపోతే వినండి అని టేపు ఇచ్చినాడు. సీనా గొంతు వెనక, గిటారు వెనక, పాట మొదలు నుంచి చివర దాకా వాన.

సిద్ధరాజ్ ఆ రోజు పొద్దున్నుంచి వాన నిలిచేదాకా పెన్నాగరంలో ఒక పెళ్ళిలో డ్రమ్ము వాయిస్తూ ఊరందరి కళ్ళముందు ఉన్నాడు. ఆ తర్వాత ఎక్కడున్నాడో చూసినవాళ్ళు లేరు. కాబట్టి సీనా వానకు ముందే చచ్చి ఉంటే సిద్ధరాజ్ ఇంటికి వస్తాడు. వానలో సీనా పాడుతూ ఉండింటే సిద్ధరాజ్ ఉరికి పోతాడు. ఒక పిల్లవాడి ప్రాణం ఒక వాన చప్పుడు మీద నిలిచింది.

*

"నీ మెషీను పగిలిపోయిందంటనే?" ఇన్‌స్పెక్టర్ జయరామన్ నవ్వినాడు. అతను మాట్లాడేది తమిళం. నాగరాజప్పకు అది ఇంటి భాష మాదిరే.

"పగిలిపోలేదు. పగలగొట్టినారు. నేను జైలుకు పోయి వచ్చేలోపల లాడ్జి గదిలోకి ఎవరో దూరినారు. బట్టలు ముట్టుకోలేదు, బ్యాగు ముట్టుకోలేదు. నా టేపు మెషీను ఒక్కటే నేలకేసి కొట్టినారు."

"ఎలుకలై ఉంటాయి."

"ధర్మపురి ఎలుకలు తాళం తీస్తాయా సార్?"

జయరామన్ నవ్వు ఆపినాడు. "చూడు నాగరాజప్పా. నువ్వు సేలంలో పారిపోయిన పెళ్ళికొడుకులను వెతికే డిటెక్టివ్‌వి. ఇది కొలై కేసు, మనిషిని చంపిన కేసు. వాన పడింది, ఊరంతా తడిసింది. టేపులో వాన ఉంది. నీ చెవులు పట్టాళంలో పోయినాయా ఏం?"

"మీరు ఇక్కడ వేసినంత విన్నాను, వానే. నేనూ కాదనలేను. కానీ ఆ టేపును మీరు పూర్తిగా విన్నారా?"

"పాట అయిపోయేదాకా విన్నాను. అదొక పాటా? పిల్లి గోడ గీకినట్టు. ఇంకా వినమంటే నా మీద కేసు పెట్టుకోవాల్సిందే."

"టేపు చుట్టిన స్పూలు తిరగేసి రెండో పక్క వేసినారా?"

"రెండో పక్కా?" జయరామన్ కనుబొమ్మలు పైకి పోయినాయి. అంతలో తలుపు దగ్గర దగ్గు వినబడింది.

రంగనాథన్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, ఇస్త్రీ నలగని చొక్కా, వేళ్ళ మధ్య సిగరెట్టు. ఎప్పుడు వచ్చినాడో, ఎంత విన్నాడో తెలియదు.

"రెండో పక్క ఖాళీ సార్," అన్నాడు మెత్తగా. "డిటెక్టివ్ సారు మెషీను పోయిందని విన్నాను. పాపం. నాది ఉంది కదా, వాడుకోండి. మా తమ్ముణ్ణి చంపినవాణ్ణి పట్టుకోవడానికి నాకు ఇంతకంటే పని ఏముంది?"

మెషీను పోయిన సంగతి నాగరాజప్ప చెప్పింది ఇన్‌స్పెక్టరుకు ఒక్కడికే, అదీ ఇప్పుడే. జయరామన్ ముందుగా తనే ఎత్తినాడు కదా, అతనికి ఎవరు చెప్పినారు? అడుగుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. లాడ్జివాడు పోలీసుకు చెప్పి ఉండవచ్చు. ఊరంతా తెలిసి ఉండవచ్చు. కానీ వీపుమీద చల్లగా పాకడం మాత్రం ఆగలేదు.

ఆ టేపులో గొంతు సీనాదేనని సరసమ్మ వాంగ్మూలం జయరామన్‌కు కావాల. సీనా ఆమె ఇంట్లో తిని పెరిగిన పిల్లవాడు. స్టేషనుకు రమ్మంటే ఆమె ఒకే మాట చెప్పి బస్సు ఎక్కి వెళ్ళిపోయింది. "నా పట్టుపురుగులు గూడు కట్టే ముందు పెద్ద మేతలో ఉన్నాయి సామీ. ఒక్క మేత తప్పితే నా పంట పోతుంది. పోయినసారి పంట మన్నులో పూడ్చినాను. మీకు కావాలంటే మీరే పిక్కిలికి రండి."

"నా కారు ఉంది," అన్నాడు రంగనాథన్.

*

పిక్కిలి దారి పొడవునా రంగనాథన్ కారు నడుపుతూ ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ ఒకటే రాగం. చెడ్డ గొంతు కాదు, మంచి గొంతూ కాదు. వెనక సీట్లో బ్యాటరీ మెషీను ఒళ్ళో పెట్టుకున్న నాగరాజప్ప కాళ్ళ దగ్గర పెట్రోలు డబ్బా గతుకు గతుకుకూ కదిలి కాలికి తగులుతోంది.

"ఏం పాట అది?" అన్నాడు నాగరాజప్ప.

రాగం ఆగింది. అద్దంలో రెండు కళ్ళు అతన్ని చూసినాయి. "ఏదో సార్. నాకు పాడడం రాదు."

"సరసమ్మ ఇంటికి ఇంతకు ముందు వచ్చినారా?"

"లేదు. ఆ గడప ఎప్పుడూ తొక్కలేదు. పట్టుపురుగులంటే నాకు ఒళ్ళు జలదరింపు. ఏం చేస్తాయో, ఏం తింటాయో కూడా తెలియదు."

పట్టుపురుగులు పెంచే పురుగిల్లు ఊరి చివర ఉంది. మందపాటి మట్టి గోడలు, పైన గడ్డి కప్పు, ఒకటే తలుపు, గోడలకు జల్లెడ కొట్టిన చిన్న చిన్న కిటికీలు. సరసమ్మ గడప దగ్గర చేతులు కడుక్కుంటూ ఉంది.

"చెప్పులు విడవండి. బెల్టు కూడా."

"బెల్టెందుకమ్మా?" జయరామన్ గొంతు లేచింది. బెల్టుకు పిస్తోలు ఒర ఉంది.

"తోలు వస్తువు లోపలికి రాకూడదు సామీ. మా అత్త నాటి నుంచి అంతే. గవర్నరు వచ్చినా బెల్టు బయటే. కాదంటే వాంగ్మూలం మీరు వచ్చే నెల రాసుకోండి."

జయరామన్ పళ్ళు కొరుక్కుంటూ బెల్టు విప్పి తలుపు బయట గోడకు కొట్టిన గూటానికి తగిలించినాడు. రంగనాథన్ ముందుకు వచ్చి, ఇన్‌స్పెక్టరు తెచ్చిన స్పూలును మెషీనుకు తనే ఎక్కించి, మీట ఎక్కడ నొక్కాలో చూపించినాడు. చేతులు ఎంత జాగ్రత్తగా కదిలినాయంటే, తల్లి బిడ్డకు స్నానం చేయిస్తున్నట్టు ఉంది.

"నేను లోపలికి రాను అత్తా," అన్నాడు, సిగరెట్టు చూపించి. "పురుగులకు పొగ పడదు కదా. బయటే ఉండి సారు బెల్టు చూసుకుంటాను."

నాగరాజప్ప అతని వంక చూసినాడు. ఏం తింటాయో కూడా తెలియనివాడికి పొగ పడదని మాత్రం తెలుసు.

లోపల అడుగు పెట్టినాడు. వాన మొదలైంది.

ముందు సన్నగా, తర్వాత చిక్కగా, అన్ని పక్కలా. ఆకులమీద పడే వాన, ఆగకుండా పడే వాన. నాగరాజప్ప గబుక్కున వెనక్కి తిరిగి తలుపులోంచి చూసినాడు. బయట సాయంత్రం ఎండ పచ్చగా కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మళ్ళీ లోపలికి తిరిగినాడు. వాన. తల ఎత్తి కప్పు చూసినాడు. చుక్క కారడం లేదు. చేతులమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చచ్చినవాడి టేపులో వాన లేచి వచ్చి ఈ చీకటి ఇంట్లో తన చుట్టూ కురుస్తోంది.

"అమ్మా... ఇదేమిటి?"

"ఏది సామీ?"

"ఈ చప్పుడు!"

సరసమ్మ తల పక్కకు వంచి వినింది. ఏ చప్పుడో ఆమెకు నిజంగానే తెలియలేదు. పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్న చప్పుడు చెవికి ఆనదు. కాసేపటికి నవ్వింది. "ఇదా? పురుగులు మేస్తున్నాయి. నాలుగోసారి కుబుసం విడిచే జ్వరం దాటి, చివరి మేతలో పడితే ఇంతే. రాత్రీ పగలూ పరపరా నములుతానే ఉంటాయి."

ఈగలు దూరకుండా ఆమె తలుపు దగ్గరికి వేసింది. నాగరాజప్ప తట్టలమీదికి వంగినాడు. వేలు లావు తెల్లటి పురుగులు, వేలకు వేలు, పచ్చటి ఆకుల అంచులు కొరుకుతున్నాయి. ఒక్కొక్కదాని చప్పుడు వినబడదు. అన్నీ కలిస్తే వాన.

"ఇన్‌స్పెక్టరుగారూ," అన్నాడు మెల్లగా. "మీట నొక్కండి."

పాట మొదలైంది. సీనా గొంతు, గిటారు, వెనక వాన. మెషీనులో వాన, తట్టల్లో వాన కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది. జయరామన్ మీట ఆపినాడు. వాన ఆగలేదు. మళ్ళీ నొక్కినాడు, మళ్ళీ ఆపినాడు. అతని ముఖం రంగు మారింది.

"ఇది... పోలిక ఉందంటే ఒప్పుకుంటాను. అంతమాత్రాన టేపులోది పురుగులే అని ఎట్లా? వాన కూడా ఇట్లే ఉంటుంది కదయ్యా! కోర్టులో పురుగులను నిలబెడతావా?"

"అమ్మా, పోయినసారి పంట పూడ్చినారన్నారు. ఎప్పుడు?"

"వాన పడిన శుక్రవారానికి రెండు రోజుల ముందు. మారండహళ్ళిలో నా పెద్దకూతురికి పురుడు. పురిటింటికి పోయివచ్చినవాళ్ళు పురుగింట్లో కాలు పెట్టకూడదు. మేతంతా సిద్ధూనే చూసినాడు. నేను ఊరినుంచి వచ్చి గడప బయట నిలబడి చూస్తే, తట్టలు తట్టలే నల్లబడి పడున్నాయి. గుంట తీసి పూడ్చినాం." ఆమె గొంతు గట్టిపడింది. "ఎవరినన్నా లోపలికి రానిచ్చినావారా అని అడిగినాను. పొగ తగిలిందా, నూనె వాసన తగిలిందా అని అడిగినాను. నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేసినాడు, ఎవరూ రాలేదమ్మా అని."

నాగరాజప్ప ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. జైల్లో ఆ పిల్లవాడి చూపు ఇప్పుడు అర్థమైంది. తల్లి తలమీద పెట్టిన ఒట్టు. అది అబద్ధమని బయటపడితే తల్లి ప్రాణానికే చేటని వాడి నమ్మకం. తన మెడకు తాడు పడినా సరే, తల్లి తల నిలవాలని నోరు కుట్టేసుకున్నాడు.

ఏమీ మాట్లాడకుండా స్పూలు రెండూ ఊడదీసి, తిరగేసి, మళ్ళీ ఎక్కించినాడు.

"ఖాళీ అని రంగనాథన్ చెప్పినాడు కదా," అన్నాడు జయరామన్.

"విందాం."

రెండో పక్క ఖాళీ కాదు. గిటారు వచ్చింది. దానితోపాటు టకటకా, టకటకా, చెక్కమీద కర్రలతో వాయించే తాళం. సరసమ్మ ఉలిక్కిపడి మూలకు చూసింది. అక్కడ ఆకు తరిగే పలక గోడకు ఆనించి ఉంది.

"అది మా పలక," అంది. "వాడు చిన్నప్పటి నుంచి దానిమీద వాయిస్తే నేను వీపుమీద వాయిస్తాను. ఆ చప్పుడు నాకు తెలీదా!"

వెనక వాన కురుస్తూనే ఉంది. సీనా పాడుతున్నాడు. అంతలో దూరం నుంచి రెండో గొంతు కలిసింది. తలుపు దగ్గర నుంచి పాడుతూ లోపలికి వస్తున్న మనిషి. చెడ్డ గొంతు కాదు, మంచి గొంతూ కాదు. ఎంతో ఆశగా, ఎప్పుడు పిలుస్తారా అని వాకిట్లో నిలబడినవాడి మాదిరి, చరణం మొత్తం సీనా గొంతు వెంబడి పాడింది. నాగరాజప్ప గుర్తు పట్టినాడు. దారి పొడవునా విన్న రాగం అదే.

చరణం చివర దగ్గు. ఆ దగ్గుతో టేపులో వాన పలచబడింది. ఇంకా పలచబడి, ఆగిపోయింది.

"వాన ఆగింది," అన్నాడు జయరామన్, అతనికే తెలియకుండా.

టేపులో సిద్ధరాజ్ గొంతు కేక వేసింది. "రంగన్నా, సిగరెట్టు! బయట పారెయ్! పురుగులు మేత ఆపేసినాయి చూడు, చస్తాయి! మా అమ్మకు తెలిస్తే నన్ను చంపుతుంది!"

ఆ తర్వాత సీనా నవ్వు. పగలబడి నవ్వు. "పొగకు కాదురా సిద్ధూ! అన్న గొంతు వినే పురుగులు మేత మానుకున్నాయి! అన్నా, మూడోవాణ్ణి మేము మద్రాసులో చూసుకుంటాం. నువ్వు మెషీను చూసుకో, చాలు."

ఇద్దరు పిల్లల నవ్వు. మూడో మనిషి నవ్వలేదు. టేపు అక్కడ టక్కున తెగింది.

చుట్టూ పురుగులు నములుతున్నాయి.

"ఇది వాడు ఎప్పుడో చెరిపెయ్యొచ్చు," అన్నాడు జయరామన్ చివరికి. అతని గొంతులో ఎగతాళి లేదు. "ఎందుకు చెరపలేదు?"

"వాడు పాడిన పాట ప్రపంచం మొత్తంలో ఇదొక్కటే సార్. దీన్ని చెరిపితే వాడి గొంతు ఎక్కడా లేదు. మనిషిని చంపగలిగినాడు, దీన్ని చంపలేకపోయినాడు."

సరసమ్మ రెండు చేతులూ తలమీద పెట్టుకుని నేలమీద కూర్చుంది. కొడుకు గొంతు విన్నది ఆమె. కొడుకు అబద్ధం విన్నది. తల తడుముకుంది. కొబ్బరికాయ తడిమినట్టు.

"ఒట్టు పెట్టి నెల దాటింది," అంది. "నా తల ఇంకా నా భుజాలమీదనే ఉంది. ఆ తెలివిలేని బెప్పి నాయాలికి ఇది చెప్పండి సామీ. వాడి అబద్ధానికి వాళ్ళమ్మ చావలేదు, వాడు నిజం చెబితే కూడా చావదు. పంట పోతే ఇంకొక పంట పెట్టినాను. కొడుకు పోతే ఎక్కడ పెట్టేది?"

జయరామన్ తలుపు వైపు ఒక అడుగు వేసినాడు. "రంగనాథన్‌ను ఇప్పుడే..."

సరసమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. ఆమె ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"సామీ. ఇనండి."

విన్నారు. వినడానికి ఏమీ లేదు. ముందు తలుపు పక్క తట్టలు, తర్వాత నడిమి తట్టలు, తర్వాత చివరివి. ఒక్కొక్క వరుసే వాన ఆగిపోయింది. వేల పురుగులు మేత ఆపి తలలు పైకెత్తినాయి.

"నేను సిగరెట్టు వెలిగించలేదు," అన్నాడు జయరామన్ గుసగుసగా.

"పొగ కాదు," అంది సరసమ్మ. "నూనె వాసన."

అప్పటికి మనుషుల ముక్కుకూ అందింది. పెట్రోలు. తలుపు కింద సందులోంచి నల్లటి తడి నేలమీద మెల్లగా పాకి వస్తోంది. పైన గడ్డి కప్పు మీద ఏదో చల్లుతున్న చప్పుడు. ఈసారి అది నిజంగా వాన మాదిరే ఉంది. జయరామన్ తలుపుకు భుజం ఆనించి నెట్టినాడు. బయట గడియ పడి ఉంది. చెయ్యి అలవాటుగా నడుముకు పోయింది. నడుము ఖాళీ. బెల్టు బయట గూటానికి ఉంది.

"అత్తా." జల్లెడ కిటికీ దగ్గర నుంచి మెత్తటి గొంతు. "మీకు అపకారం చెయ్యాలని నాకు లేదు. ఆ టేపు కిటికీలోంచి ఇయ్యండి. గడియ తీస్తాను."

"ఇయ్యకండి," అంది సరసమ్మ గుసగుసగా. "అది నా కొడుకు ప్రాణం."

ఇచ్చినా వాడు గడియ తియ్యడు. నాగరాజప్పకు అది తెలుసు. ఇయ్యకపోతే అగ్గిపుల్ల గీస్తాడు. కానీ గీస్తే లోపల టేపు కూడా కాలుతుంది. ఐదు వారాలుగా చెరపలేనివాడు ఇప్పుడు కాల్చగలడా?

నాగరాజప్ప టేపును వెనక్కి తిప్పి, మెషీను గొంతు పూర్తిగా పెంచి, కిటికీ దగ్గర పెట్టి మీట నొక్కినాడు.

రెండో గొంతు పాడసాగింది. ఆశగా, వాకిట్లో నిలబడినవాడి మాదిరి.

బయట అడుగుల చప్పుడు ఆగింది. చల్లడం ఆగింది. జల్లెడకు అవతల ఒక ముఖం నీడ నిలిచింది. అది వింటోంది. జయరామన్ మూలకు జరిగి, ఆకు తరిగే పలకను చేతికి తీసుకుని, వెనక గోడ కిటికీ వైపు పాకడం మొదలుపెట్టినాడు. సరసమ్మ ఆకు కత్తితో ఆ గోడ మట్టి తవ్వుతోంది.

చరణం ముగియవచ్చింది. దగ్గు వచ్చేలోగా మీట ఆపాల. దగ్గు తర్వాత వచ్చేది సీనా నవ్వు. ఆ నవ్వు మాత్రం బయటివాడు ఇంకొకసారి వినకూడదు. నాగరాజప్ప సరిగ్గా ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ నొక్కినాడు.

నీడ కదల్లేదు. వెనక గోడలో ఇంకా చెయ్యి పట్టేంత కంత కూడా పడలేదు.

మళ్ళీ తిప్పినాడు. మళ్ళీ నొక్కినాడు. ఈసారి గొంతు కొంచెం లావుగా, సాగదీసినట్టు వచ్చింది. నాగరాజప్ప మెషీను మీదికి వంగి చూసినాడు. చిన్న ఎర్ర దీపం మినుకుమినుకుమంటోంది.

బ్యాటరీ అయిపోతోంది.

*

ఈ కథ రాసింది సౌభాగ్యం, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉండేది మారండహళ్ళిలో, హోసూరు బస్సులు నిలిచే చోటు వెనక సందులో.